సేద్యం లేని లోయలో గుడారం

అనంత కరుణామయుడు, అపార కృపాశీలుడు అయిన అల్లాహ్ పేరుతో.

 

దసరా వెళ్ళిపోయి, వానాకాలం పంట కళ్ళం దాటిందంటే పాలమూరు పల్లెల్లో తలుపులకు తాళాలు పడే రోజులు వచ్చాయన్నమాట. మేస్త్రీ దగ్గర తీసుకున్న అడ్వాన్సు తీర్చాలి. ఆలుమగలు, చంకన పసిపిల్ల, గోనెసంచిలో నాలుగు గిన్నెలు, పైన కప్పుకోవడానికి ఒక టార్పాలిన్ పరదా. ఇంతే సామాను. ఇంట్లో ముసలివాళ్ళు, బడికి పోయే ఒక పిల్లవాడు మిగులుతారు. నల్లగొండ జిల్లాలో దేవరకొండ వైపు కూడా ఇదే తంతు. ఊరి పేరు 1890లోనే మహబూబ్‌నగర్‌గా మారినా కూలీ పేరు మాత్రం ఈనాటికీ ‘పాలమూరు లేబరే’. కల్వకుర్తి ఎత్తిపోతల నీళ్ళు అందిన ఊళ్ళల్లో వలస తగ్గిన మాట నిజమే. అల్‌హమ్దులిల్లాహ్. కాని నీళ్ళు అందని ఊళ్ళు ఇంకా ఉన్నాయి. పోయేవాళ్ళు పోతూనే ఉన్నారు.

ఆ పోయేవాళ్ళలో మన కల్మా చదివే సోదరులూ ఉన్నారు. ఈ నెల వారి గురించే మాట్లాడుకుందాం.

కొన్నేళ్ళ క్రితం ఒక రాత్రి ఇషా నమాజు తర్వాత నాకు ఫోను వచ్చింది. పొరుగు రాష్ట్రంలో కాలువ పని జరిగే చోటు నుండి మా మొహల్లా మనిషి మాట్లాడుతున్నాడు. “మౌలానా, మా ఇంటామె చనిపోయింది. మూడు రోజుల సంది జ్వరం. గుసుల్ ఎవలు చేయాలె? నేను చేయొచ్చా? ఇక్కడ ఎవలకూ ఏం రాదు” అన్నాడు. అక్కడ ముస్లిం స్త్రీ ఎవరైనా ఉన్నారా అని అడిగాను. కాసేపు మౌనం. తర్వాత అతను చెప్పిన మాట నా గుండెలో నాటుకుపోయింది. “ఉన్నరని ఇయ్యాలనే తెలిసింది మౌలానా. నేను యా అల్లాహ్ అని ఏడుస్తుంటే అవతలి డేరాల నుండి ఒక నానీ వచ్చింది. మూడు నెలల సంది ఇక్కడనే ఉన్నరట.”

ఆ క్యాంపులో మొత్తం నాలుగు ముస్లిం కుటుంబాలు ఉన్నాయట. ఒకరు కంకర మిషను దగ్గర, ఒకరు నీళ్ళ ట్యాంకు దగ్గర, మిగిలిన ఇద్దరు ఎక్కడో చివర. మూడు నెలలు ఒకే డ్రమ్ము నీళ్ళు తాగారు. ఒకరికొకరు సలాము చెప్పుకోలేదు. ఒక్కపూట కూడా కలిసి నమాజు చేయలేదు.

ఆ రాత్రి ఆ నానీకి నేను ఫోనులోనే చెబుతూ పోయాను. కుడివైపు నుండి మొదలుపెట్టమని, బేసి సార్లు కడగమని, రేగాకు దొరికితే నీళ్ళలో వేసి కాచమని, చివరిసారి నీళ్ళలో కర్పూరం కలపమని. దైవప్రవక్త (స) తమ కుమార్తె మరణించినప్పుడు హజ్రత్ ఉమ్మె అతియ్యా (రజి)కు ఈ విధంగానే నేర్పారు (బుఖారీ, ముస్లిం). స్త్రీకి కఫన్ అయిదు వస్త్రాలు సున్నత్, దొరకనప్పుడు మూడు చాలు అని చెప్పాను. ఆ నానీ చదువురాని మనిషి. ఒక్కొక్క మాటా రెండుసార్లు అడిగి తెలుసుకుని చేసింది. అల్లాహ్ ఆమెకు మంచి ప్రతిఫలం ప్రసాదించుగాక!

తెల్లవారాక ఇంకో కష్టం వచ్చిపడింది. దగ్గరి ఊళ్ళో ఖబరస్తాన్ ఉంది. “మీరెవరు? ఏ ఊరు? మా జమాఅత్ వాళ్ళు కారు కదా” అంటూ అక్కడివారు మధ్యాహ్నం దాకా తేల్చలేదు. చివరికి ఒక పెద్దమనిషి కల్పించుకుంటే గాని ఆరడుగుల నేల దొరకలేదు.

ఇక్కడ నా తప్పు కూడా చెప్పుకోవాలి. ఆ కుటుంబం బయలుదేరే ముందు మస్జిదుకు వచ్చి నాకు సలాము చెప్పి దుఆ అడిగింది. చేతులెత్తి దుఆ చేసి పంపాను. ఎక్కడికి పోతున్నారు, ఎవరి వెంట, అక్కడ మనవాళ్ళు ఎవరున్నారు అని ఒక్క ముక్క అడగలేదు. ఆనాటి నుండి ఖుర్ఆన్‌లో హజ్రత్ ఇబ్రాహీం (అలై) చేసిన ఒక దుఆ చదివినప్పుడల్లా నాకు ఆ పరదాలు కళ్ళకు కడతాయి.

ఒక తల్లి, ఒక తోలుసంచి

సూరా ఇబ్రాహీం 37వ ఆయతులో ఆ దుఆ ఉంది. ప్రభూ! నేను నా సంతానంలో కొందరిని సేద్యం లేని లోయలో, పవిత్రమైన నీ గృహం చెంత నివసింపజేశాను, వారు నమాజును నెలకొల్పాలని ఇలా చేశాను, ప్రజల హృదయాలను వారి వైపు మళ్ళించు, వారికి ఫలాలను ఆహారంగా ప్రసాదించు అని దాని భావం. ఆ దుఆలోని వరుసను గమనించండి. సేద్యం లేదని ఒప్పుకున్నారు. ఆ వెంటనే నమాజు మాట ఎత్తారు. తర్వాత మనుషుల హృదయాలు అడిగారు. తిండి అడిగింది ఆ తర్వాతే. మనమైతే తిండితో మొదలుపెట్టి తిండి దగ్గరే ఆగిపోయేవాళ్ళం.

హజ్రత్ ఇబ్నె అబ్బాస్ (రజి) ఉల్లేఖించిన దీర్ఘమైన హదీసు సహీహ్ బుఖారీలో ఉంది. ఇబ్రాహీం (అలై) తమ భార్య హాజిరా (అలై)ను, పాలు తాగే పసివాడు ఇస్మాయీల్ (అలై)ను తీసుకువచ్చి ఆ లోయలో దింపారు. వారి దగ్గర పెట్టింది ఒక సంచిలో ఖర్జూరాలు, ఒక తోలుసంచిలో నీళ్ళు. అప్పుడు మక్కాలో మనిషి లేడు, నీటిచుక్క లేదు. ఆయన వెనుదిరిగితే ఆ తల్లి వెంటపడి, మమ్మల్ని ఇక్కడ వదిలి ఎక్కడికి పోతున్నారని పదేపదే అడిగింది. ఆయన తిరిగి చూడలేదు. ఇది అల్లాహ్ ఆజ్ఞా అని అడిగింది. అవునన్నారు. అయితే ఆయన మమ్మల్ని నష్టపోనివ్వడు అని ఆమె వెనక్కి వచ్చేసింది.

ఆమె విశ్వాసం అది. కాని విశ్వాసం ఉందని కూర్చోలేదు. నీళ్ళు అయిపోయాయి, బిడ్డ దాహంతో కొట్టుకుంటున్నాడు. సఫా గుట్ట ఎక్కింది, ఎవరైనా కనిపిస్తారేమోనని చూసింది. దిగి పరుగెత్తి మర్వా ఎక్కింది. ఇలా ఏడుసార్లు. తర్వాత దైవదూత చేత అల్లాహ్ జమ్‌జమ్ నీటిని వెలికితీయించాడు. నీరు కనబడగానే ఆ తల్లి చేసిన పని ఏమిటి? చుట్టూ మట్టితో గట్టు కట్టింది. చెలిమె తవ్విన ఆడవాళ్ళకు ఈ పని తెలుసు. నీటిని నిలబెట్టుకోవడం, సంచి నింపుకోవడం, బిడ్డకు పాలివ్వడం. గుడారపు జీవితం అంటే ఇదే.

ఈ రోజు హజ్‌కు పోయిన ప్రతి హాజీ, రాజైనా కూలీ అయినా, నీడలేని చోట నీటికోసం పరుగెత్తిన ఆ తల్లి అడుగుల్లో నడవవలసిందే. లక్షలు ఖర్చుపెట్టి మినాలో గుడారంలో కొద్దిరోజులు ఉండి వస్తే పూలదండలు వేసి ఊరేగిస్తాం. అదే గుడారంలో ఎనిమిది నెలలు ఉండి వచ్చినవాడు మస్జిదులో మొదటి వరుసలో నిలబడితే మనకు కాస్త ఇబ్బందిగా ఉంటుంది. ఎందుకని? ఎవరికి వారు జవాబు చెప్పుకోవాలి.

పక్షి తిరుగుతున్న చోటు

ఆ హదీసులో తర్వాతి భాగం మన విషయానికి ఇంకా దగ్గరిది. యమన్ వైపు జుర్హుమ్ తెగవారు ఆ దారిన వచ్చి లోయ దిగువన విడిది చేశారు. ఒక పక్షి ఆకాశంలో చక్కర్లు కొట్టడం చూశారు. ఈ లోయ మనకు తెలుసు, ఇక్కడ నీళ్ళు లేవు, మరి ఈ పక్షి నీటిమీదే కదా తిరుగుతుంది అనుకుని ఒకరిద్దరిని పంపారు. నీరు ఉంది. నీటి పక్కన ఒంటరి తల్లి, ఆమె బిడ్డ.

వారు తెగ మొత్తం. ఆమె ఒక్కతే. బలవంతంగా ఆక్రమించుకుంటే అడిగేవాడు లేడు. అయినా వారు అనుమతి అడిగారు. ఆమె ఉండనిచ్చింది, కాని నీటిమీద మీకు హక్కు లేదు అని షరతు పెట్టింది. వారు సరే అన్నారు. దైవప్రవక్త (స) ఈ సంగతి చెబుతూ, ఇస్మాయీల్ తల్లి అప్పుడు మనుషుల తోడును కోరుకుంటూ ఉంది అని సెలవిచ్చారు. హదీసులో వచ్చిన మాట ‘ఉన్స్’. తోడు, చెలిమి, మనిషికి మనిషి అలవాటు కావడం. ఆ తర్వాతే జుర్హుమ్‌వారు తమ కుటుంబాలను పిలిపించుకున్నారు, ఇస్మాయీల్ (అలై) వారి దగ్గర అరబీ నేర్చుకుని పెరిగారు, వారింటి అల్లుడయ్యారు.

సోదరులారా! మక్కా మహానగరం పుట్టుక ఇది. ఒక గుడారం, ఒక చెలిమె, అడిగి తీసుకున్న అనుమతి, అడిగినవారికి కాదనని మనసు. మన ప్రాంతంలోనూ పని కోసం వేసిన విడిదులు ఊళ్ళయిన సందర్భం ఉంది. నాగార్జునసాగర్ ఆనకట్టకు 1955 డిసెంబరు 10న శంకుస్థాపన జరిగింది, 1967లో కాలువలకు నీళ్ళు వదిలారు. ఆ పని కోసం వెలసిన హిల్ కాలనీ, పైలాన్ కాలనీ పని ముగిశాక కూడా చెదిరిపోలేదు, నల్లగొండ జిల్లాలో నేటికీ మనుషులు కాపురముంటున్న చోట్లు. కాని అన్ని క్యాంపులకూ ఆ అదృష్టం ఉండదు. ఎక్కువ చోట్ల బిల్లు అయ్యాక పరదాలు విప్పేస్తారు, మూడురాళ్ళ పొయ్యి మసి తప్ప గుర్తు మిగలదు. అలాంటి చోట నమాజు, సలాము, పొరుగువారి హక్కు ఎందుకులే అని అనిపిస్తుంది. “క్యాంపులో ఎక్కడ కుదురుతుంది సాబ్? రంజానుకు ఊరికి వచ్చినప్పుడు చేస్తాం” అనే మాట నేను ఎంతమంది నోట విన్నానో లెక్కలేదు.

దీనికి జవాబు దైవప్రవక్త (స) ప్రవచనాల్లో చాలా స్పష్టంగా ఉంది. హజ్రత్ అబూ దర్దా (రజి) ఉల్లేఖనం ప్రకారం, పల్లెలోగాని ఎడారిలోగాని ముగ్గురు ఉండి కూడా తమలో నమాజును నెలకొల్పకపోతే షైతాను వారిపై పైచేయి సాధిస్తాడు. కనుక జమాఅత్‌ను అంటిపెట్టుకోండి, మంద నుండి విడిపోయిన గొర్రెనే తోడేలు తింటుంది అని ఆయన హెచ్చరించారు (అబూ దావూద్, నసాయి). గొల్లకురుమల మందలను రోజూ చూసే మనకు ఈ పోలిక విడమరచి చెప్పనక్కర లేదు. నగరంలో అని అనలేదు, మస్జిదు ఉన్నచోట అని అనలేదు. ఎడారిలో ముగ్గురు ఉన్నా సరే అన్నారు. మరి ఆ క్యాంపులో నాలుగు కుటుంబాలు ఉన్నాయి!

డేరాలు ఎక్కడెక్కడో విడివిడిగా వేసుకోవడం గురించి కూడా హదీసు ఉంది. సహాబాలు ప్రయాణంలో విడిది చేసినప్పుడు లోయల్లో తలా ఒక దిక్కుకు చెదిరిపోయేవారు. మీరిలా చెదిరిపోవడం షైతాను తరఫు నుండే అని దైవప్రవక్త (స) అన్నారు. ఆనాటి నుండి వారెంత దగ్గరగా విడిది చేసేవారంటే, ఒక గుడ్డ పరిస్తే అందరినీ కప్పేస్తుంది అనుకునేటంత దగ్గరగా ఉండేవారని హజ్రత్ అబూ సఅలబా (రజి) తెలిపారు (అబూ దావూద్). మేస్త్రీ చూపించిన చోటే డేరా వేయాలి, నిజమే. కాని పక్క డేరా ఎవరిదో తెలుసుకోవడానికి మేస్త్రీ అనుమతి అక్కర్లేదు.

విడిది మర్యాదలు ఇంకా ఉన్నాయి. రాత్రిపూట బాట మీద విడిది చేయవద్దని, అది జంతువులు, పురుగూపుట్రా తిరిగే చోటని చెప్పారు (ముస్లిం). పడుకునేటప్పుడు నిప్పు ఆర్పమన్నారు (బుఖారీ). టార్పాలిన్ కింద నిద్రపోయేవారికి ఈ ఒక్కమాట విలువ ఎంతో చెప్పాలా? నీళ్ళ రేవులో, నడిచే దారిలో, జనం కూర్చునే నీడలో మలవిసర్జన చేయడం శాపాన్ని తెచ్చిపెట్టే పని అన్నారు (అబూ దావూద్). కొత్తచోట దిగగానే, అల్లాహ్ పరిపూర్ణ వచనాల ఆధారంగా ఆయన సృష్టించిన వాటి కీడు నుండి శరణు వేడుకునే చిన్న దుఆ ఉంది. అది చదివినవారికి అక్కడి నుండి కదిలేవరకు ఏదీ హాని చేయదని హజ్రత్ ఖౌలా బిన్తె హకీమ్ (రజి) ఉల్లేఖించారు (ముస్లిం). ఒక్క వాక్యం. పిల్లలకు ముందే నేర్పించి పంపండి.

కొన్ని మస్‌అలాలు

క్యాంపుకు పోయేవారు తరచుగా అడిగేవి ఇక్కడ హనఫీ ఫిఖ్‌హ్ ప్రకారం చెబుతున్నాను. ఒకచోట 15 రోజులు లేక అంతకు మించి ఉండాలని సంకల్పించినవారు ముఖీమ్ అవుతారు, నమాజు పూర్తిగా చేయాలి. నిర్జన ప్రదేశంలో ఆ సంకల్పం చెల్లుతుందా అన్న చర్చ మన ఇమాముల గ్రంథాల్లో ఉంది. పచ్చిక వెంట తిరిగే గుడారాలవారు ముఖీములే అనేది సరైన అభిప్రాయమని హిదాయాలో రాసి ఉంది. కనుక నెలల తరబడి పరదాలు వేసుకుని ఉండేవారు ఖస్ర్ చేస్తూ పోకూడదు. అడవిలో, మైదానంలో జుమా వాజిబ్ కాదు, జుహర్ చేయాలి. దగ్గర ఊళ్ళో జుమా జరుగుతుంటే పోయి కలవడం మేలు.

నీళ్ళ సంగతి. నీరు ఒక మైలు దూరాన ఉంటే, లేక ఉన్న నీరు వుజూకు వాడితే తాగడానికి కరువవుతుందన్న భయం ఉంటే, తయమ్ముమ్ చేయవచ్చు. సూరా మాయిదా 6వ ఆయతులో ఈ సౌలభ్యం ఉంది. కాని ట్యాంకరు రోజూ వస్తున్నప్పుడు, స్నానానికీ బట్టలకూ నీళ్ళు ఉండి వుజూ వంతుకు మాత్రం లేవనడం చెల్లదు. చోటు విషయానికొస్తే చింతే లేదు. భూమి అంతా నా కోసం మస్జిదుగా, పరిశుద్ధినిచ్చేదిగా చేయబడింది అని దైవప్రవక్త (స) సెలవిచ్చారు (బుఖారీ). తవ్విపోసిన కాలువ మట్టి మీద శుభ్రమైన గోనెపట్టా పరిస్తే అది మీ మస్జిదు.

ఇక అజాన్. హజ్రత్ అబూ సయీద్ ఖుద్రీ (రజి) ఒకరితో అన్నారు. నీకు మేకలూ ఎడారీ ఇష్టమని చూస్తున్నాను, నీ మేకల మధ్యో ఎడారిలోనో ఉండి అజాన్ ఇస్తే గొంతెత్తి ఇవ్వు, ఆ స్వరం ఎంతదూరం పోతే అంతదూరం విన్న జిన్నూ మనిషీ ప్రతి వస్తువూ ప్రళయదినాన సాక్ష్యమిస్తాయి అని. ఇది దైవప్రవక్త (స) నుండి విన్నానని కూడా చెప్పారు (బుఖారీ). ఆ క్యాంపులో మొదటి రోజే ఒక్క మనిషి మగ్రిబ్‌కు గొంతెత్తి అజాన్ ఇచ్చి ఉంటే నాలుగు డేరాలు ఒకరికొకరు తెలిసిపోయేవి. మూడు నెలలు పట్టేది కాదు. ఒక మరణం కావలసి వచ్చేది కాదు.

నీళ్ళున్నవారి బాధ్యత

ఇప్పటిదాకా పోయినవారి గురించి చెప్పాను. ఇక ఊళ్ళో ఉన్న మన గురించి. మన ఊరి పొలిమేరలో కూడా ఎక్కడెక్కడివారో వచ్చి పరదాలు వేసుకుంటారు. రోడ్డు పనివారు, ఇటుకబట్టీవారు. బోరు దగ్గరికి ఆడపిల్ల బిందె పట్టుకుని వస్తే మనం ఎలా చూస్తున్నాం? దారి పక్కన తన అవసరానికి మించిన నీళ్ళు ఉండి బాటసారికి ఇవ్వనివాడి వైపు అల్లాహ్ ప్రళయదినాన చూడనైనా చూడడని హదీసు హెచ్చరిస్తోంది (బుఖారీ). ఆ బాటసారి మతమేమిటో హదీసులో అడగలేదు. మదీనాలో రూమా బావిని కొని అందరికీ వదిలిన హజ్రత్ ఉస్మాన్ (రజి) ఘనత మనం జల్సాలలో వింటాం, సుబ్‌హానల్లాహ్ అంటాం, ఇంటికొచ్చి బోరు స్విచ్చు పెట్టెకు తాళం వేస్తాం.

ఖబరస్తాన్ విషయం కూడా ఇంతే. హజ్రత్ అబూ జర్ గిఫారీ (రజి) హిజ్రీ 32లో రబజా అనే ఎడారి చోట కాలం చేశారు. చుట్టూ జనం లేరు, కఫన్‌కు సరిపడే గుడ్డ కూడా లేదని భార్య ఏడ్చారు. ఆ దారిన వస్తున్న బాటసారుల బృందం ఆగి కఫన్ వేసి ఖననం చేసింది. ఆ దారిన పోయేవారు మీరు ఏ జమాఅత్ అని అడగలేదు.

కొందరు భక్తిపరులైన యువకులు నన్ను ఇంకో ప్రశ్న వేస్తారు. పట్నంలో ఫిత్నా ఎక్కువైంది, ఎక్కడైనా అడవి అంచున నాలుగెకరాలు కొని నలుగురం పోయి ఉంటే దీన్ బాగుపడదా అని. ఒక సహాబీ లోయలో తీయని నీటి ఊట చూసి ఇక్కడే ఏకాంతంగా ఉండిపోతే ఎంత బాగుండును అనుకున్నారు. దైవప్రవక్త (స) వద్దన్నారు (తిర్మిజీ). జనంలో కలిసి వారు పెట్టే బాధలు ఓర్చుకునే విశ్వాసి, కలవని వాడికంటే మేలు (తిర్మిజీ, ఇబ్నె మాజా). నాలుగెకరాలు కొనే స్థోమత ఉన్న తమ్ముళ్ళకు నా సలహా ఒకటే. వారానికొక రోజు దగ్గరలోని క్యాంపుకు పోయి పరదాల కింద పిల్లలకు ఖాయిదా, పలక నేర్పండి. మీకు కావలసిన అడవీ దొరుకుతుంది, ఆకాశమూ దొరుకుతుంది.

ఆ సంఘటన తర్వాత మా మస్జిదులో ఒక చిన్న నోటుబుక్కు పెట్టాం. దసరా దాటాక బయలుదేరే ప్రతి కుటుంబం పేరు, వెంట తీసుకుపోయే మేస్త్రీ పేరు, పని జరిగే చోటు, ఒక ఫోను నంబరు అందులో రాస్తాం. అదే చోటికి ఇంకెవరు పోతున్నారో అక్కడికక్కడే చెబుతాం. దగ్గరి ఊళ్ళో మస్జిదు ఉంటే ముందే ఫోను చేసి, మా మనుషులు వస్తున్నారు, చూసుకోండి అంటాం. చాలామంది మంచిగానే మాట్లాడతారు. ఆ ఫోను చేసిన సోదరుడు మరుసటి ఏడాది మళ్ళీ పనికి బయలుదేరాడు, అప్పు తీరలేదు. నోటుబుక్కులో మొదటి పేరు అతనిదే. ఆ నానీ కుటుంబం కూడా అదే మేస్త్రీ వెంట పోతోందని తెలుసుకుని, డేరాలు పక్కపక్కన వేసుకుంటామని చెప్పి వెళ్ళాడు. దిగిన రోజు సాయంత్రం నాకు ఫోను చేశాడు. మాట్లాడింది ఏమీ లేదు, ఫోను పైకెత్తి పట్టుకున్నట్టున్నాడు. ఎవరో పెద్దాయన గొంతు, మిషన్ల చప్పుడు మధ్య, మగ్రిబ్ అజాన్ ఇస్తోంది.